మన ఖాతాలో నూటపదహార్లు

నిరంజన్ నోట "మన" అన్న మాట వినపడితే చాలు, మైథిలి చెయ్యి ఆమెకు తెలియకుండానే హ్యాండ్‌బ్యాగు మీదికి పోయేది. పెళ్ళయిన నాటి నుంచీ వింటున్న మాట అది. మన ఇల్లు అంటే ఇందిరాపురంలో ఆయనా ఆయన భార్యా కాపురముంటున్న ఫ్లాటు. మన అప్పు అంటే మాత్రం తమ్ముడు సాయిప్రకాష్ తీర్చవలసినది.

నిరంజన్ ఆమెకు బావగారు, సాయిప్రకాష్‌కి సొంత అన్న. గుడ్‌గావ్‌లో ఒక కంపెనీలో వైస్ ప్రెసిడెంటు. ఆ కంపెనీలో వైస్ ప్రెసిడెంటు కానివాడు ఎవడైనా ఉన్నాడా అని మైథిలికి అనుమానం. ఢిల్లీ చుట్టుపక్కల తెలుగువాళ్ళ సంఘానికి ఆయనే కోశాధికారి. ఏటా ఒకటో రెండో శాలువాలు ఆయన భుజాల మీద పడేవి. భుజాలు కూడా అందుకు తగ్గట్టే పెరిగాయి.

సాయిప్రకాష్ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. మంచివాడు. ఆ మాటను మైథిలి ఈమధ్య తిట్టు బదులు వాడుతోంది.

ఈ అన్నదమ్ములిద్దరికీ బ్యాంకులో ఒకే ఖాతా. దాని వెనక పెద్ద ఆదర్శమేమీ లేదు. సాయిప్రకాష్ చీరాల నుంచి వచ్చి ఉద్యోగంలో చేరిన కొత్తలో జీతం పడటానికి ఖాతా కావాలన్నారు. ఖాతాకి ఢిల్లీ అడ్రసు ప్రూఫు కావాలన్నారు. దానికి అద్దె అగ్రిమెంటు కావాలి, అది రాసిస్తే పన్ను కట్టాల్సొస్తుందని లక్ష్మీనగర్‌లో అద్దెకున్న ఇంటి యజమాని రాసివ్వడు. ఈ ఊరికి కొత్తగా వచ్చిన ప్రతివాడూ తిరిగే గానుగే ఇది. "నా ఖాతాలో నీ పేరు కలిపేస్తాలేరా, తర్వాత మార్చుకుందువుగాని" అన్నాడు నిరంజన్. ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా డబ్బు తియ్యొచ్చు. ఫోన్ నంబరు మాత్రం నిరంజన్‌ది. ఆ "తర్వాత" ఇంతవరకూ రాలేదు. సాయిప్రకాష్ జీతం నెలనెలా అందులోనే పడేది. నిరంజన్ జీతం మాత్రం ఏనాడో వేరే బ్యాంకుకి మారిపోయింది. కంపెనీ రూలట.

మైథిలి మాత్రం తక్కువ తిందా? చీరాలలో మగ్గం నేసే తండ్రికి పుట్టి, ఆ ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చి, మయూర్ విహార్‌లో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతూ, సాయంత్రాలు ట్యూషన్లు పెట్టి కూడబెట్టిన డబ్బంతా, తన పేరే లేని ఆ ఖాతాలోకి పంపేది. "వేరే ఖాతా ఎందుకే, అన్నయ్య ఏమనుకుంటాడో" అనేవాడు భర్త. భాగస్వామ్యం లెక్కలు బోర్డు మీద విడమరిచి చెప్పే మనిషి చేసిన నిర్వాకం అది.

ఆ డబ్బుతోనే ఇప్పుడు ఇల్లు కొనబోతున్నారు. మయూర్ విహార్‌లోనే మూడో అంతస్తు, రెండు పడగ్గదులు, వంటింటి కిటికీకి ఎదురుగా వేపచెట్టు. అమ్మేది ఒక పంజాబీ పెద్దావిడ. రెండు లక్షలు బయానా ఇచ్చి కాగితం రాసుకున్నారు. ఈ ఊళ్ళో బయానా అంటే మాటలు కాదు. గడువు నాటికి మిగతాది కట్టకపోతే ఇల్లూ పోతుంది, ఇచ్చిన అడ్వాన్సూ పోతుంది. బ్యాంకు లోను మంజూరైంది. తమ చేతి నుంచి తొమ్మిది లక్షలు కట్టాలి, శుక్రవారం లోపు.

పన్నెండేళ్ళ అక్షర అప్పుడే తన గదికి రంగు కూడా నిర్ణయించేసింది. "మమ్మీ, మేరే రూమ్ మే లావెండర్. పక్కా?" అని రోజుకోసారి ఖాయం చేసుకునేది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. హాల్లో దివాను మీద, ట్యూషన్ పిల్లల చెప్పుల వాసనలో చదువుకుంటున్న పిల్ల.

ఆన్‌లైన్లో డబ్బు పంపాలంటే ఓటీపీ వెళ్ళేది నిరంజన్ ఫోనుకి. సాయిప్రకాష్ అడిగితే, "ఓటీపీ ఫోన్లో ఏంట్రా పరాయివాళ్ళలాగా! ఆదివారం భోజనానికి రండి, మన ఇంట్లో కూర్చుని పంపుదాం" అన్నాడు.

ఆదివారం వెళ్ళేసరికి ఆ అపార్టుమెంటు గేటు లోపల తెల్లటి పెద్ద కారు నిలబడి ఉంది. ముందు బంతిపూల దండ, చక్రాల కింద చితికిన నిమ్మకాయలు. పక్కన నిరంజన్, కొడుకుని కన్నవాడిలా నడుం మీద చేతులు పెట్టుకుని.

"రారా, రా! ఎలా ఉంది మన కారు?"

"బాగుంది అన్నయ్యా. ఎప్పుడు కొన్నావు?" అన్నాడు సాయిప్రకాష్, నిజంగానే మెరిసే కళ్ళతో.

"మొన్ననే. దశమి చూసుకుని తెచ్చా. ఎక్కు, లోపల కూర్చో. అమ్మాయ్ మైథిలీ, నువ్వూ ఎక్కమ్మా. చెప్పులు విప్పి ఎక్కు, మ్యాట్లు కొత్తవి."

నిరంజన్ భార్య ఉమారాణి పైనుంచి దిగొచ్చింది. "వెనక సీట్లోకి కూడా ఏసీ వస్తుంది మైథిలీ. ఎవరు కూర్చున్నా ఉక్కపొయ్యదు" అంది, ఆ "ఎవరు" దగ్గర కాస్త ఆగి.

భోజనాలయ్యాయి. గుత్తివంకాయ బాగానే కుదిరింది. పెరుగులోకి వచ్చాక నిరంజన్ వేళ్ళు నాక్కుంటూ, వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పాడు.

"ఖాతాలోంచి కొంచెం తీశాన్రా."

"ఎంత అన్నయ్యా?"

"తొమ్మిది."

"వేలా?"

ఉమారాణికి నవ్వొచ్చింది. "వేలకి కారు అద్దం కూడా రాదు సాయీ!"

మైథిలి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "బావగారూ, అది ఇంటికి కట్టాల్సిన డబ్బు."

"ఇంటి డబ్బు ఇంటికే వాడానమ్మా. బయటివాళ్ళకి పెట్టానా?"

"శుక్రవారం గడువు."

"నాకు తెలీదా? డీలరు డిస్కౌంటు పోతుందని నాలుగురోజులు సర్దుకున్నా, అంతే. గురువారానికల్లా మీ తొమ్మిదీ ఖాతాలో ఉంటాయి. నా మాట మీద ఆ మాత్రం నమ్మకం లేదా?"

"మాటకి ఓటీపీ రాదు కదండీ" అంది మైథిలి.

నిరంజన్ తమ్ముడి వైపు తిరిగి పకపకా నవ్వాడు. "లెక్కల టీచరుని చేసుకుంటే ఇంతేరా. అప్పుడే చెప్పా, తెలుగు టీచరుని చూడమని."

సాయిప్రకాష్ కూడా నవ్వాడు. ఆ నవ్వుని మైథిలి చాలాసేపు గుర్తుపెట్టుకుంది.

వెళ్ళేటప్పుడు నిరంజన్ గేటు దాకా వచ్చాడు. "ఆదివారాలు ఎక్కడికి పోవాలన్నా ఒక్క ఫోన్ కొట్టండి. మన కారే!" వైశాలి మెట్రో దాకా దింపుతావా అని సాయిప్రకాష్ అమాయకంగా అడిగితే, "కొత్త బండి, ఆ గుంతల్లో ఎందుకులేరా" అన్నాడు. షేర్ ఆటో ఎక్కారు.

"అన్నయ్య మాటంటే మాటే" అన్నాడు సాయిప్రకాష్, గుంతకొకసారి ఎగిరిపడుతూ.

"అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడంటే విన్నాను. తమ్ముడి సొమ్ము అన్న కారు చెయ్యడం ఇవాళే చూశాను" అంది మైథిలి.

మంగళవారం స్టాఫ్‌రూములో కమల పక్కకొచ్చి కూర్చుంది. సైన్సు టీచరు, శ్రీకాకుళం పిల్ల. తెలుగు సంఘంవాళ్ళు కొన్నాళ్ళుగా ఒక పనికి చందాలు పోగుచేస్తున్నారు. వైద్యం కోసం ఢిల్లీ వచ్చే తెలుగువాళ్ళు పెద్దాసుపత్రి బయట ఫుట్‌పాత్ మీద పడుకుంటున్నారని, వాళ్ళకి నాలుగు గదుల బస కట్టించాలని.

"మీ బావగారు ఎంత మంచోరండీ టీచరుగారూ" అంది కమల. "సంఘం వాట్సాప్ గ్రూపులో మీరు లేరు గానీ, ఆదివారం రాత్రి అందులో మెసేజ్ పెట్టారు. ఈ వారంలోగా పంపితే పునాది వేసేస్తారట. సంఘం ఖాతాకి కేవైసీ ఏదో అడ్డొచ్చిందట గదా, వేరే నంబరిచ్చారు. నేనూ ఐదువేల నూటపదహార్లు వేసీసేను."

"అంత ఎందుకు కమలా? నీ జీతమెంతని?"

"మా నాన్నని తెచ్చినప్పుడు మేమూ ఆ గేటు బయటే పడుకున్నామండీ. దుప్పటి లేదు. అది గుర్తొచ్చి."

శాలువాల మనిషి కూడా ఎప్పుడో ఒక మంచిపని చేస్తాడు కాబోలు అనుకుంది మైథిలి. ఆదివారం తను మరీ పుల్లవిరుపుగా మాట్లాడిందేమో అని కొంచెం సిగ్గు కూడా పడింది.

గురువారం సాయంత్రం నిరంజన్ ఫోన్ చేశాడు. "పడ్డాయిరా నీ తొమ్మిదీ. ఇంకా మిగిలాయి కూడా. రేపు నాకు మీటింగులున్నాయి, ఓటీపీలకి దొరకను. బ్రాంచికి పోయి చెక్కిచ్చి పంపించుకో. మీ ఆవిణ్ణి ఇంక ప్రశాంతంగా పడుకోమను."

"చూశావా?" అన్నాడు సాయిప్రకాష్ ఫోన్ పెట్టేసి. కూరలు తరుగుతున్న మైథిలి దగ్గరికొచ్చి ఒకసారి, అక్షరకి పాలు ఇస్తూ ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. పండగ చొక్కాలాగా ఆ "చూశావా"ని ఇల్లంతా వేసుకు తిరిగాడు.

శుక్రవారం ఇద్దరూ సెలవు పెట్టి ఇందిరాపురం బ్రాంచికి వెళ్ళారు. కౌంటరు వెనక ఒక అమ్మాయి, ముప్ఫై లోపు వయసు. చెక్కు తీసుకుని, ఖాతా తెరిచి, తెరకేసి చూసి నవ్వింది.

"సర్, ఆప్ కర్తే క్యా హై?"

"గవర్నమెంట్ సర్వీస్."

"తో యే సబ్ క్యా హై? సోమ్‌వార్ సే యహీ ఆ రహా హై. పాంచ్ హజార్ ఏక్ సౌ సోలహ్, ఇక్యావన్ హజార్ ఏక్ సౌ సోలహ్, ఏక్ లాఖ్ ఏక్ సౌ సోలహ్... కోయీ టికట్ బేచ్ రహే హై క్యా? హమారే యహా తో ఆఖిర్ మే సిర్ఫ్ ఏక్ లగాతే హై!"

తమ వైపు చివర ఒక్క రూపాయే కలుపుతారు, సోమవారం నుంచీ వరసగా ఈ నూటపదహార్లేంటి, టిక్కెట్లేమైనా అమ్ముతున్నారా అని ఆ అమ్మాయి సరదా. సాయిప్రకాష్ మర్యాద కోసం నవ్వాడు. మైథిలి నవ్వలేదు.

అంకె చివర నూటపదహారు తగిలించేది తెలుగువాడు. అదీ అన్నిటికీ కాదు. దక్షిణ ఇచ్చేటప్పుడు, పెళ్ళిలో చదివింపులప్పుడు, దానం చేసేటప్పుడు. అప్పిచ్చేవాడు గుండుసున్నాలే ఇస్తాడు. ఎవడూ నూటపదహార్లు కలిపి బదులివ్వడు.

"దీదీ, ఒక్కసారి తెర ఇటు తిప్పుతారా?" అని హిందీలో అడిగింది. ఖాతాదారు పక్కనే ఉన్నాడు కనక ఆ అమ్మాయి తిప్పింది. వరసగా పేర్లు. సగం పేర్లు మైథిలికి తెలుసు. ఉగాదికి పులిహోర వడ్డించిన వాళ్ళు, పిల్లల్ని డాన్సుకి తీసుకొచ్చినవాళ్ళు. నాలుగో ఐదో వరసలో కమల.

"ఏవండీ" అంది. "ఇవి ఆసుపత్రి బసకి ఇచ్చిన చందాలు."

సాయిప్రకాష్ చూశాడు. అర్థమైంది. అర్థమైనట్టు కనపడకూడదని ప్రయత్నించాడు.

"అన్నయ్య తర్వాత సర్దేస్తాడులే. ముందు మనది కట్టేద్దాం. ఇవాళే ఆఖరు."

"ఎక్కణ్ణుంచి సర్దుతారు?"

"ఎక్కణ్ణుంచో."

"ఇంకో తమ్ముడున్నాడా ఆయనకి?"

"గట్టిగా మాట్లాడకే, చూస్తున్నారు."

"తెలుగు కదా, వాళ్ళకేం తెలుస్తుంది. ఈ ఖాతా మీద ఎవరెవరి పేర్లున్నాయి?"

"అన్నయ్యది. నాది."

"రేపు సంఘం వాళ్ళు కంప్లైంటు ఇస్తే రెండు పేర్లూ చదువుతారు. వైస్ ప్రెసిడెంటుకి ఏమవుతుందో నాకు తెలీదు. గవర్నమెంటు ఉద్యోగికి ఏమవుతుందో మీకు తెలుసు. పైగా ఆయన నేరమంతా తమ్ముడి మీదికి తోసేస్తాడు. ఆ డబ్బుతో ఇల్లు కొన్నదెవరు, తమ్ముడేగా అంటాడు."

"అన్నయ్య అలా అనడు." ఆ మాటకి ఎప్పుడూ ఉండే బలం ఈసారి లేదు.

కౌంటరు అమ్మాయి పెన్ను తిప్పుతూ కూర్చుంది. మైథిలికి ఆ ఒక్క నిమిషం చాలా కష్టమైంది. ఎవరికీ తెలియదు. సంతకం పెడితే సాయంత్రానికి తాళాలు చేతికొస్తాయి. వేపచెట్టు కిటికీ, లావెండర్ గోడ. ఇన్నేళ్ళ ట్యూషన్లు. తన డబ్బు తనకి తిరిగొచ్చిందనుకుంటే సరిపోతుంది. నిరంజన్ ఎలా అనుకుంటాడో సరిగ్గా అలా అనుకుంటే చాలు. ఆ సంగతి తట్టగానే ఒంటికి ఏదో జిగురు అంటుకున్నట్టయింది. పక్కకి జరిగి, సంఘం అధ్యక్షుడు అనంతరామయ్యకి ఫోన్ చేసింది. వసంత్ కుంజ్‌లో ఉండే రిటైర్డ్ ఆఫీసరు ఆయన.

"అంకుల్, సంఘం ఖాతాకి ఏదో కేవైసీ ఇబ్బందని విన్నాను. తీరిందా?"

"ఏ ఇబ్బందమ్మా? నిక్షేపంలా ఉంది. ఈ వారం చందాలే రాలేదు. జనంలో దయ తగ్గిపోయిందని మా ఆవిడతో అంటున్నా."

"వచ్చాయంకుల్. దారితప్పి మా ఖాతాలోకి వచ్చాయి. మీ నంబరు చెప్పండి, ఇప్పుడే పంపిస్తున్నాం. మొత్తం."

ఆయన ఖాతా నంబరు చెప్పి, గొంతు తగ్గించాడు. "నిరంజన్‌కి తెలుసా అమ్మా?"

"ఇంకాసేపట్లో మెసేజ్ వెళ్తుందండి."

మొదటి చెక్కు చించేశారు. రెండో చెక్కు మీద సాయిప్రకాష్ పెన్ను పెట్టి ఆగాడు. "బయానా కూడా పోతుందే" అన్నాడు. పోతుంది, అంది మైథిలి. అన్న చూపించని చోట ఆయన సంతకం పెట్టడం అదే మొదలు. గీత వంకరపోయింది గానీ బ్యాంకు ఒప్పుకుంది.

వాళ్ళింకా మెట్లు దిగుతుండగానే సాయిప్రకాష్ ఫోన్ మోగింది. తెర మీద "అన్నయ్య" అని, శాలువాతో ఫోటో. సాయిప్రకాష్ దాన్ని వేడి గిన్నెలా పట్టుకుని నిలబడితే మైథిలి లాక్కుంది.

"ఒరేయ్ సన్నాసీ! ఏం చేశావురా?"

"నేను మైథిలిని బావగారూ. సన్నాసి పక్కనే ఉన్నారు."

గొంతు వెంటనే పాకంలో పడింది. "అమ్మాయ్, చూసుకున్నారా, పొరపాటున డబ్బు సంఘానికి వెళ్ళిపోయిందమ్మా."

"పొరపాటున మనకొచ్చింది. వెనక్కి వెళ్ళింది."

"మీ ఫ్లాటు పోతుంది! బుద్ధుందా?"

"ఫ్లాటు దశమినాడే పోయింది. మీ గేటు లోపల దండేసుకుని నిలబడి ఉంది."

"అనంతరామయ్యగారికి ఏం చెప్పావు?" ఈసారి గొంతు బాగా తగ్గింది. కారు, ఫ్లాటు, తమ్ముడు, అన్నీ వెనక్కిపోయి ఆ ఒక్క భయమే మిగిలింది.

"చందాలు దారితప్పాయని చెప్పా. ఎవరు తప్పించారో ఆయన నన్నడగలేదు. పెద్దమనిషి. మిమ్మల్నే అడుగుతారు."

"ఇంటి గుట్టు వీధిలో పెడతావా? రెండ్రోజుల్లో నేను సర్దేవాణ్ణి కాదూ? రక్తసంబంధం విలువ తెలీనిదానివి, నీకేం..."

"సర్దడానికి ఇప్పుడూ దారుంది. కారు అమ్మండి. మన కారే కదా."

"అదెలా కుదురుతుంది? అది ఉమారాణి పేరు మీదుంది."

మైథిలికి ఆ వారంలో మొదటిసారి నవ్వొచ్చింది. మెట్ల మీద గార్డు తిరిగి చూసేంత గట్టిగా.

"అయితే మీకు తెలుసన్నమాట బావగారూ, ఏది ఎవరి పేరు మీద పెట్టాలో."

ఫోన్ భర్త చేతిలో పెట్టింది. ఆయన దాన్ని కట్ చెయ్యాలో, చెవిన పెట్టుకోవాలో తేల్చుకోలేక అలాగే పట్టుకున్నాడు. నిరంజనే కట్ చేశాడు.

ఫ్లాటు పోయింది. పంజాబీ పెద్దావిడ "బేటీ, మై భీ క్యా కరూ" అని నొచ్చుకుంటూనే బయానా ఉంచేసుకుంది. ఆవిడ తప్పేం లేదు. అక్షర "తో మేరా రూమ్?" అని అడిగితే, ఏమాత్రం సందేహం మిగలకూడదని మైథిలి కూడా హిందీలోనే "నహీ మిలేగా" అని చెప్పింది. పిల్ల ఏడవలేదు. లావెండర్ రంగు నమూనా చీటీని మడిచి లెక్కల పుస్తకంలో పెట్టుకుంది. ఏడ్చినా బాగుండేది.

నిరంజన్ ఆరోగ్య కారణాల వల్ల కోశాధికారి పదవికి రాజీనామా చేశాడు. సంఘం ఆయన సేవల్ని కొనియాడి ఒక శాలువా కప్పింది. మైథిలి వల్ల అన్నదమ్ములు విడిపోయారని ఉమారాణి ఇందిరాపురంలో ఫోనున్న ప్రతి ఇంటికీ చెప్పింది. తొమ్మిది లక్షల మాటెత్తితే నిరంజన్ "రక్తసంబంధం" అంటాడు. రెండోసారి ఎత్తితే నాన్నగారి ఫోటో వైపు చూస్తాడు. ఇచ్చే రోజు మాత్రం చెప్పడు.

జీతం రోజు రాకముందే మైథిలి భర్తని వెంటబెట్టుకుని మయూర్ విహార్‌లో వేరే బ్యాంకుకి తీసుకెళ్ళింది. ఆయన పేరు మీద ఒక ఖాతా, తన పేరు మీద ఒకటి. కొత్త ఖాతాలు తెరిచే ఉద్యోగి ఆధార్ చూశాడు, అడ్రసు చూశాడు, అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడు.

"మొబైల్ నంబర్, సర్?"

"తొంభై ఎనిమిది, పదకొండు..." అని సాయిప్రకాష్ గడగడా మొదలుపెట్టాడు.

మైథిలి తల తిప్పి చూసింది. అది నిరంజన్ నంబరు.

ఆయన ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. జేబులోంచి ఫోన్ తీసి అటూ ఇటూ నొక్కాడు, ఎక్కడ వెతకాలో తెలియలేదు. ఆ ఉద్యోగి గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాడు.

"నా నంబరెంతే?" అన్నాడు చిన్నగా.

మైథిలి చెప్పింది, ఒక్కొక్క అంకే, వెనక బెంచీ పిల్లాడికి ఎక్కం చెప్పినట్టు. చెప్పి, బ్యాగులోంచి పెన్ను తీసి ఆయన ముందు పెట్టింది.

"రాసుకోండి."